కోటేశ్వరరావు నెత్తురులో మూడు ఆమ్లాలు

కరోనాకు ముందటి ఏడాది జూన్ మొదటి వారంలో ముక్త్యాల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. అప్పటికి మాది ఇంకా కృష్ణా జిల్లాయే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పాతికేళ్ళకు పైగా పనిచేసి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని, పారిశ్రామిక ఆరోగ్యంలో సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేసి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఇల్లు నందిగామలో. పొద్దున్నే కంపెనీ జీపు వచ్చి జగ్గయ్యపేట మీదుగా తీసుకుపోయేది.

ఫ్యాక్టరీ డాక్టరంటే దెబ్బలకు కట్లు కట్టే మనిషని చాలామంది అనుకుంటారు. మా పిన్నిగారైతే ఇంత చదువూ చదివి సున్నపురాయి దుమ్ములో కూచున్నావేమే అని బాధపడింది. కట్లు కట్టడం అందులో చిన్న భాగం. రోగులకు వైద్యం చేయడం ఆస్పత్రి డాక్టరు పని అయితే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను పిలిచి పరీక్షించి, ఎవరు ఏ పనికి తగుదురో సంతకం పెట్టి చెప్పడం ఫ్యాక్టరీ డాక్టరు పని. ఆ సంతకానికి బరువెక్కువ. ఒప్పుకోకూడని మనిషిని ఒప్పుకుంటే ప్రాణం పోవచ్చు. ఒప్పుకోవలసిన మనిషిని కాదంటే వాడి బతుకు తిరగబడవచ్చు.

నేను ఇచ్చే సర్టిఫికెట్లలో అందరూ భయపడేది హైట్ పాస్. ఎత్తున పనిచేసేవాళ్ళకు ఆరు నెలలకోసారి కళ్ళు, రక్తపోటు, చక్కెర చూస్తాం. మూర్ఛలున్నాయా అని అడుగుతాం. కళ్ళు మూసుకుని నిలబెట్టి తూలుతున్నారేమో గమనిస్తాం. సన్నటి దూలం మీద నడిపిస్తాం. మా ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ఎత్తయినది ప్రీహీటర్ టవర్. రాయిని పిండి చేశాక ఆ పిండి టవర్ పైనుంచి తుపాను గొట్టాల్లో సుళ్ళు తిరుగుతూ కిందికి దిగుతుంది, బట్టీలోంచి వచ్చే వేడిగాలి దానికి ఎదురు వెళ్తుంది. ఆ గొట్టాలనే సైక్లోన్లు అంటారు. ఒక్కోసారి పిండి గట్టిపడి సైక్లోన్ బిగుసుకుపోతుంది. దాన్ని విడగొట్టడం పులి నోట్లో చెయ్యి పెట్టడం లాంటిది. సరిగా చెయ్యకపోతే నిప్పులాంటి పిండి మీద పడుతుంది.

ఆ పనిలో మా దగ్గర సాటి లేని మనిషి కోటేశ్వరరావు. ఊరు చిల్లకల్లు. తండ్రి మిరప, పత్తి వేసే రైతు. ఈయన ఐటీఐ చదివి, ఫిట్టరుగా చేరి, ఇరవై ఏళ్ళుగా ఆ టవర్ మీదే ఉన్నాడు. సైక్లోన్ ఎక్కడ బిగుసుకుందో పైన చప్పుడు విని చెబుతాడని ఆయన షిఫ్టు వాళ్ళు అనేవాళ్ళు. మనిషి ఎత్తరి, గొంతు పెద్దది, పొట్ట అంతకన్నా పెద్దది.

ఆ పొట్ట వల్లే వచ్చింది గొడవ. నేను చేరిన కొత్తల్లో బయటి నుంచి భద్రతా తనిఖీ వాళ్ళు వచ్చి ఒక చిన్న ప్రశ్న వేశారు. మేము వాడే సేఫ్టీ బెల్టు మీద నూరు కిలోల దాకా అని రాసి ఉంది, మీ వాళ్ళ బరువు చూశారా అని. ఎవరూ చూడలేదు. చూడమని నాకు చెప్పారు. బూట్లు, బెల్టు, పనిముట్ల సంచీతో సహా తూచాలన్నాను, ఎందుకంటే పడేటప్పుడు మనిషి ఒక్కడే పడడు. అలా తూస్తే కోటేశ్వరరావు నూట పన్నెండు వచ్చాడు. పరగడుపు చక్కెర కూడా హద్దు మీద ఉంది. హైట్ పాస్ ఆపేశాను.

యాజమాన్యం డిసెంబరు దాకా గడువిచ్చింది. ఆ నెలలో బట్టీ ఆపేసి లోపలి ఇటుకలు మారుస్తారు, దాన్ని షట్‌డౌన్ అంటారు, టవర్ మీద పని అప్పుడే ఎక్కువ. ఆ నాటికి పాస్ రాకపోతే ఆయన్ని శాశ్వతంగా ప్యాకింగు విభాగానికి మారుస్తారు. అక్కడ బస్తాలు నింపే యంత్రాలకు నూనె పెట్టడం, బెల్టు సరిచేయడం. జీతంలో పెద్ద తేడా ఉండదు. ఆయన బాధ అది కాదు. నా గదిలో కుర్చీ అంచున కూచుని, గొంతు తగ్గించి ఒక్క మాట అన్నాడు.

"పైనుంటే నేను కోటేశ్వరరావునండి. కిందుంటే నేనెవర్నండి?"

అన్నం తగ్గించమని, నడవమని అందరు డాక్టర్లూ చెప్పేదే చెప్పి పంపాను.

ఆగస్టులో మళ్ళీ తూచాను. తగ్గకపోగా ఒక కిలో పెరిగాడు. చక్కెర హద్దు దాటింది. త్రాసు మీదే అనుమానపడి నన్ను కూడా ఎక్కించి చూశాడు. త్రాసు నిక్షేపంగా ఉంది. అప్పుడు చెప్పాడు, జగ్గయ్యపేటలో జిమ్ము నడిపే బావమరిది ఒక పొడి ఇచ్చాడని, రెండు నెలలుగా పూటపూటా తాగుతున్నానని. కొవ్వు కరిగి కండ వస్తుందని డబ్బా మీద బొమ్మ కూడా ఉందట. తెప్పించి చూశాను. అమినో ఆమ్లాల పొడి. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు ఆమ్లాలు.

ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. మనం తిన్న పప్పు, గుడ్డు, చేప కడుపులో అరిగితే మిగిలేవి అమినో ఆమ్లాలు. మాంసకృత్తులు కట్టడమైతే ఇవి ఇటుకలు. అందులో ఈ మూడింటినీ మన ఒళ్ళు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. కండ కట్టమని కండరానికి కబురు చెప్పే శక్తి వీటికుంది, ముఖ్యంగా లూసిన్‌కు. వ్యాయామం చేసేవాళ్ళకు ఈ పొడి అమ్మేది అందుకే. బొమ్మలో ఉన్నది పూర్తి అబద్ధం కాదు.

అయినా నాకు కల్తీ అనే అనుమానం వచ్చింది. ఏ స్టెరాయిడో కలిపి ఉంటారు, అందుకే చక్కెర పెరిగిందని లెక్క వేసుకున్నాను. విజయవాడలో ఒక వైద్య కళాశాలలో నా క్లాస్‌మేట్ ఇందిర బయోకెమిస్ట్రీ ప్రొఫెసరు. ఆమె దగ్గర అమినో ఆమ్లాలను విడివిడిగా కొలిచే యంత్రం ఉంది. డబ్బాలోంచి కాస్త పొడి, కోటేశ్వరరావు పరగడుపు రక్తం, రెండూ పంపాను. రక్తం ఏ రోజు ఇస్తారని అడిగితే శనివారం ఇస్తానని ఆయనే కోరుకున్నాడు. ఎలాగూ శనివారం ఒక్కపొద్దు ఉంటాను, కలిసొస్తుందన్నాడు. నేనూ సంతోషించాను.

రెండు రోజులకు ఇందిర ఫోన్ చేసింది. పొడిలో కల్తీ ఏమీ లేదట, డబ్బా మీద రాసిందే ఉందట. రక్తం విషయంలో మాత్రం నన్ను తిట్టింది. పరగడుపు మనిషిలో ఆ మూడు ఆమ్లాలు ఇంత ఉండవు, ఈయన ఏదో మింగి వచ్చాడు, నీ పేషెంటును సరిగ్గా అడుగు అంది.

పిలిచి అడిగాను. ఏమీ తినలేదని వెంకటేశ్వరస్వామి మీద ఒట్టేశాడు. తాగారా అని అడిగాను. పొడి తాగానన్నాడు, తెల్లారుజామున, చెంబుడు నీళ్ళలో, మామూలు కంటే కాస్త ఎక్కువే, నీరసం రాకుండా. నా మొహం చూసి ఆయనకే ఆశ్చర్యమైంది.

"పొయ్యెక్కింది ఏదీ నోట్లో పెట్టుకోలేదండి. ఒక్కపొద్దునాడు అబద్ధం ఆడతానా అండి?"

ఆయన అబద్ధం ఆడలేదు. ఆ ఇంట్లో ఒక్కపొద్దుకు కాఫీ అడ్డం కాదు, పాలు, పళ్ళు అడ్డం కావు. పొయ్యి మీద ఉడికిందే తిండి. డబ్బాలోంచి తీసిన పొడి మందు కింద లెక్క. మా అమ్మ కూడా అలాగే ఉండేది, ఆ పద్ధతి తెలిసి కూడా నాకు తట్టలేదు. పైగా ఆయన శనివారం రాత్రి అన్నం మానేసి పెసరట్టు, ఉప్మా తినేవాడు, మిగతా ఆరు రోజుల కన్నా ఆ రాత్రే ఎక్కువ లోపలికి పోయేది. ఈ సంగతి ఆయన భార్య సుజాత చెప్పింది, ఆయన పక్కనే కూచుని, ఏ మాత్రం మొహమాటం లేకుండా.

ఇందిరకు సంగతి చెబితే నవ్వింది. తర్వాత రిపోర్టు తీసి అంకెలు మళ్ళీ చదివింది. పనికిరాని నమూనా కాదే ఇది, అంది చివరికి. తెల్లారుజామున తాగితే, రక్తం తీసింది ఎండెక్కాక గదా, అప్పటికి దిగిపోయి ఉండాలి, ఎందుకు దిగలేదు అంది. ఆ ప్రశ్నే మమ్మల్ని విజయవాడ తీసుకెళ్ళింది.

ఒక ఆదివారం కోటేశ్వరరావు, సుజాత, నేను కలిసి వెళ్ళాం. ఈసారి పద్ధతి ప్రకారం. రాత్రి నుంచి నీళ్ళు తప్ప మరేమీ లేదు, అందుకు సుజాత హామీ. పోల్చి చూడడానికి ఒక బక్క మనిషి కావాలంది ఇందిర, నా వైపు చూస్తూ. కాలేజీలో నా పేరు అగ్గిపుల్ల. సరేనని నేనూ కూచున్నాను. ఇందిర మా ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా అంగీకారం తీసుకుని, ఒకే మోతాదు పొడి నీళ్ళలో కలిపి ఇచ్చింది. చేదుగా, సబ్బు నీళ్ళలా ఉంది. రెండు నెలలుగా పూటపూటా దీన్ని మింగుతున్న మనిషి పట్టుదలకు మనసులో దండం పెట్టుకున్నాను. తర్వాత గంట గంటకూ ఇద్దరి రక్తం తీశారు.

ఫలితాలు మరుసటి వారం వచ్చాయి. ఇందిర ఒకే కాగితం మీద రెండు గీతలు గీయించింది. ఆ కాగితం చూసిన క్షణం నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత వయసు వచ్చాక, ఇన్ని వేల రక్త పరీక్షలు చూశాక, అలా అవుతుందని నేననుకోలేదు. నా గీత లేచింది, దిగింది, మధ్యాహ్నానికి మొదలైన చోటికి వచ్చేసింది. ఆయన గీత పొడి తాగకముందే నాకన్నా ఎత్తున మొదలైంది, ఇంకా పైకి లేచింది, అక్కడే ఉండిపోయింది. నా నెత్తురులోకి ఆ మూడు ఆమ్లాలు చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాయి. ఆయన నెత్తురులో వచ్చి తిష్ట వేశాయి. ఇన్సులిన్ లెక్క ఇంకా విచిత్రంగా ఉంది. ఆ గ్లాసులో చక్కెర చుక్క లేదు, అయినా అమినో ఆమ్లాలకే ఇన్సులిన్ పుడుతుంది. నాకు కాస్త పుట్టి సరిపోయింది. ఆయనకు దానికి ఎన్నో రెట్లు పుట్టింది, అయినా చాల్లేదు.

ఇందిర ఆ సాయంత్రం ఫోన్లో నాకు మళ్ళీ పాఠం చెప్పింది. తిండిలోంచి వచ్చిన మిగతా అమినో ఆమ్లాలను కాలేయం ముందు తనే పట్టి చూసుకుంటుంది. ఈ మూడింటినీ మాత్రం పెద్దగా ముట్టుకోకుండా కండరాలకు వదిలేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కండరం కొంత వాడుకుంటుంది, కొంత కాల్చుకుంటుంది, కొవ్వు కణాలు కూడా కొంత కాల్చి సాయం చేస్తాయి. ఒళ్ళు బాగా పెరిగినప్పుడు కొవ్వు కణాల్లో ఈ మూడింటినీ కాల్చే యంత్రాంగం మందగిస్తుంది. అందుకే స్థూలకాయుల్లో చాలామందికి ఏ పొడీ తాగకపోయినా ఇవి రక్తంలో ఎక్కువగా కనబడతాయి. అలాంటి ఒంట్లోకి ఇంకా పోస్తే, కట్టు కట్టు అనే కబురు కణం చెవిలో ఆగకుండా మోగుతుంది, ఆ మోతలో ఇన్సులిన్ మాట వినబడకుండా పోతుందని ఒక వాదన. ఇది పూర్తిగా తేలిన విషయం కాదని ఇందిర గట్టిగా చెప్పింది. బరువు తగ్గుతున్నవాళ్ళకూ, ముసలివాళ్ళకూ అమినో ఆమ్లాలు మేలు చేశాయన్న పరిశోధనలు కూడా ఉన్నాయంది. ఇద్దరు మనుషుల రక్తంతో, అందులో ఒకరు ఆడ, ఒకరు మగ, ఏదీ రుజువు కాదంది. అవన్నీ నిజమే. అయినా నేను ఆ రాత్రి భోజనానికి కూచుని కంచంలో పప్పు వైపు చాలాసేపు చూశాను. పరీక్షల కోసం బట్టీ పట్టి మర్చిపోయిన ఆ చక్రాలూ బాణాలూ నా లోపల, ఎవరూ చెప్పకుండా, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా తిరుగుతున్నాయి. ఆ ఆశ్చర్యం నాకు ఈనాటికీ తీరలేదు.

ఆశ్చర్యపడడం నా వంతు. డిసెంబరు దగ్గర పడుతున్నది ఆయనకు. కాగితం ముందు పెట్టి భార్యాభర్తలిద్దరికీ చెప్పాను. మీకు జరిగింది కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుందని కూడా చెప్పాను. కోటేశ్వరరావు రెండు గీతల మీదా వేలు పెట్టి నడిపించాడు. తన గీత ఆగిన చోట వేలు ఆపాడు.

"జామ్ అయిందన్నమాట," అన్నాడు. "జామ్ అయినప్పుడు ముందు పైనుంచి ఫీడు ఆపాలండి. ఆపకుండా పొడిస్తే మీద పడుద్ది."

ఫీడంటే పైనుంచి పడే పిండి. వైద్యం నేను చెప్పనక్కర్లేకుండా ఆయనే తన భాషలో చెప్పుకున్నాడు. నాకు అడ్డం వచ్చింది సుజాత ప్రశ్న. పప్పులోనూ గుడ్డులోనూ అవే ఉంటాయన్నారు గదా, మరి అవి కూడా మానిపించాలా అని అడిగింది. మంచి ప్రశ్న. పప్పులో ఆ మూడూ ఒంటరిగా రావు, మిగతా అన్నిటితో కలిసి, మెల్లగా అరుగుతూ వస్తాయని చెప్పాను. అన్నం తగ్గించిన చోట పప్పు పెట్టడం వేరు, కంచం నిండా అన్నం తిన్నాక దాని మీద పొడి పొయ్యడం వేరు అన్నాను. ఆమెకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆ ఇంటి వంట ఆమె నడిపింది. అన్నం సగానికి తగ్గింది, పెసరపప్పు, గుడ్లు, కృష్ణ చేపలు, ఆకుకూరలు, మజ్జిగ పెరిగాయి. శనివారం రాత్రి పెసరట్టు ఒక్కటికి తగ్గింది, ఉప్మా పోయింది. నేను ఆయనకు చక్కెర జబ్బు మాత్ర మొదలుపెట్టాను. పొద్దున్నే ఆయన సాగర్ కాలువ గట్టు మీద నడిచేవాడు, షిఫ్టు అయ్యాక ప్యాకింగు విభాగం మెట్లు ఎక్కి దిగేవాడు. ఆ విభాగంలోకి తాత్కాలికంగా మార్చారు అప్పటికే. టవర్ వైపు చూడకుండా వెళ్ళేవాడని నా జీపు డ్రైవరు చెప్పాడు.

సెప్టెంబరులో చాలా కొద్దిగా తగ్గాడు. అక్టోబరులో ఒకసారి సైక్లోన్ బిగుసుకుని, ఆయన కింద ఉండగానే వేరేవాళ్ళు ఎక్కి, రోజంతా తంటాలు పడ్డారు. ఈయన కింద నిలబడి పైకి ఫోన్లో చెబుతూనే ఉన్నాడట. ఆ సాయంత్రం షిఫ్టు ఇంజనీరు నా గదికి వచ్చి, ఆయన్ని పైకి పంపడానికి ఈ ఒక్కసారికి సంతకం పెట్టమని, ఎవరూ అడగరని బతిమాలాడు. కుదరదన్నాను. కోటేశ్వరరావు నాకు ఫోన్ చేయలేదు, ఎవరి చేతా చేయించలేదు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

నవంబరు ఆఖరులో ఇందిర దగ్గరికి మరోసారి వెళ్ళాం. ఇది నిబంధన కాదు, మా ఇద్దరి కుతూహలం, ఆయన కుతూహలం కూడా. అదే పొడి, అదే మోతాదు. గీత వచ్చింది. ఈసారి మునుపటి కన్నా కింద మొదలైంది, లేచింది, ఆ తర్వాత మెల్లగా దిగింది. నా గీతంత చక్కగా దిగలేదు, మధ్యాహ్నం దాటినా కాస్త మిగిలింది. కానీ దిగింది. అదే మనిషి, అదే నెత్తురు, అదే తెల్లపొడి. మొరాయించిన యంత్రాంగం, ఎవరూ విప్పి బాగుచేయకుండానే, భారం తగ్గేసరికి మళ్ళీ కదిలింది. ఇందిరా నేనూ ఆ కాగితం ముందు చాలాసేపు కూచున్నాం. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను గాని, పాఠం కళ్ళ ముందు జరుగుతుండగా చూడ్డం ఇదేనే, అందామె.

షట్‌డౌన్‌కు ముందు సోమవారం హైట్ పాస్ పరీక్ష. కళ్ళు, రక్తపోటు, చక్కెర అన్నీ హద్దులోనే ఉన్నాయి. దూలం మీద తొణక్కుండా నడిచాడు. బూట్లు, బెల్టు, పనిముట్ల సంచీతో సహా త్రాసెక్కాడు. ముల్లు నూరుకు కాస్త ఇవతల ఆగింది. మళ్ళీ దిగి ఎక్కమన్నాను. అక్కడే ఆగింది. సంతకం పెట్టాను.

పాస్ చేతికి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడా పొడి తాగొచ్చాండి?"

"ఇప్పుడు తాగితే అంత నష్టం ఉండకపోవచ్చు. కాని ఇప్పుడు మీకు దాంతో పనేముంది?"

ఆలోచించి తలూపి, టవర్ వైపు వెళ్ళాడు. నేను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన పాస్ మళ్ళీ ఆగలేదు, చక్కెర మాత్ర మాత్రం కొనసాగింది. ఆ తర్వాత ఎవరు ఏ డబ్బా పట్టుకొచ్చి ఇది మంచిదా అని అడిగినా, నేను డబ్బా వైపు చూడడం మానేశాను. ముందు తాగే మనిషిని పరీక్షించి, ఆ తర్వాతే జవాబు చెప్పేదాన్ని.